స్ట్రీమ్ చేయని వాళ్ళు ఫ్యాన్సే కారా?

కొరియన్ పాప్ గ్రూప్ కొత్త పాట వస్తోందంటే చాలు, పాట కంటే ముందు ఫ్యాన్స్ చాట్ గ్రూపుల్లోకి ఒక మెసేజ్ వస్తుంది. ఏ గ్రూప్ ఫ్యాన్స్ అయినా సరే, మాటలు కాస్త అటూ ఇటుగా ఇలాగే ఉంటుంది: "స్ట్రీమ్ చేయకుండా ఫ్యాన్ అని చెప్పుకోవద్దు. ఎంత తిప్పితే అంత లెక్క. మీ ప్రతి ప్లే వాళ్ళ చేతికి డబ్బుగా వెళ్తుంది. వాళ్ళు మన కోసం నిద్ర మానుకుని ప్రాక్టీస్ చేశారు, మనం ఒక్క వారం నిద్ర మానుకోలేమా? నంబర్ వన్ రాకపోతే తప్పు మనదే." కింద, రోజుకు ఇన్నిసార్లు పాట తిప్పాలి, అంటే ప్లే చేయాలి అన్న టార్గెట్, రాత్రికల్లా స్క్రీన్‌షాట్ పెట్టాలన్న రూల్.

నేను 2017 నుంచి కొరియన్ పాప్ వింటున్నాను. ఇలాంటి మెసేజ్‌లు నేనూ ఫార్వర్డ్ చేశాను. స్క్రీన్‌షాట్ పెట్టని వాళ్ళ మీద కోప్పడ్డాను కూడా. అది ఎంత తప్పో మా పిన్ని కూతురిని చూశాక అర్థమైంది. పదో తరగతి పిల్ల. కమ్‌బ్యాక్ వారంలో, అంటే గ్రూప్ కొత్త ఆల్బమ్‌తో వచ్చిన వారంలో, నేను విజయవాడ వెళ్తే, రాత్రి పడుకునే ముందు తన ఫోను, పిన్ని ఫోను రెండూ ఛార్జింగ్‌కు పెట్టి, సౌండ్ బాగా తగ్గించి, ప్లేలిస్ట్ ఆన్ చేసి దిండు పక్కన పెట్టుకుంది. "ఎందుకే ఇదంతా?" అంటే, "టార్గెట్‌కి ఇంకా మూడొందలు తక్కువ ఉన్నాయి అక్కా, పొద్దున్నే గ్రూప్‌లో అడుగుతారు" అంది. గొంతులో పాట వచ్చిందన్న సంతోషం లేదు, హోంవర్క్ టెన్షన్ ఉంది. ఆ మెసేజ్‌లో ఒక్కో మాటకూ జవాబు రాయాలని అప్పుడే అనుకున్నాను.

"ఎంత తిప్పితే అంత లెక్క" అన్నది మొదటి మాట. అసలు గొడవంతా ఇక్కడే మొదలవుతుంది కాబట్టి కొంచెం వివరంగా చెప్పాలి.

ఈ అలవాటు కొరియాలో, మెలాన్ లాంటి పాటల యాప్‌లు గంట గంటకూ ర్యాంకులు ఇచ్చే చార్టుల వల్ల పుట్టింది. ఒక అకౌంట్ గంటలో ఒక పాటను ఎన్నిసార్లు విన్నా ఒక్కసారిగానే లెక్కించేవాళ్ళు. కాబట్టి ఫ్యాన్స్ ప్రతి గంటా ఒకసారి పాట తగిలేలా ప్లేలిస్టులు కట్టి రాత్రింబవళ్ళు తిప్పేవాళ్ళు. దానికి వాళ్ళు పెట్టుకున్న పేరు సుమ్‌స్మింగ్. సుమ్ అంటే ఊపిరి. ఊపిరి తీసినంత ఆగకుండా స్ట్రీమ్ చేయడమన్న మాట. అందరూ ఒకే సమయానికి ఒకే పాట మీద పడటాన్ని చోంగ్‌గోంగ్ అంటారు, అంటే మూకుమ్మడి దాడి.

తర్వాత ఏం జరిగిందో ఆ మెసేజ్ చెప్పదు. చార్టులు నడిపేవాళ్ళు పదేపదే రూల్స్ మార్చారు. 2017 ఫిబ్రవరి చివరి నుంచి, మధ్యాహ్నం 12కు, సాయంత్రం 6కు మధ్య విడుదలైన పాటలే వెంటనే గంట చార్టులోకి ఎక్కేలా చేశారు. జనం నిద్రపోయే అర్ధరాత్రి వేళ పాట వదిలి, ఫ్యాన్స్ బలంతో పైకి నెట్టే పద్ధతిని ఆపడానికే అది. ఈ రోజుకీ చాలా కొరియన్ పాటలు అక్కడి సాయంత్రం ఆరుకు, అంటే మన మధ్యాహ్నం రెండున్నరకు రావడానికి కారణం ఆ రూలే. 2018 జులై నుంచి రాత్రి ఒంటి గంటకూ ఉదయం ఏడుకూ మధ్య చార్టును కదలకుండా ఆపేశారు. 2020 జులైలో మెలాన్ గంట చార్టునే తీసేసి 24 గంటల లెక్క తెచ్చింది. ఆ లెక్కలో ఒక మనిషి రోజంతా తిప్పినా ఒక్కటే. 2021 ఆగస్టులో గంట లెక్కను మళ్ళీ కొంత కలిపారు, నిజమే. కానీ ఏ రూల్ చూసినా అది అడిగేది పాటను ఎంతమంది విన్నారని. ఒక్కరు ఎన్నిసార్లు తిప్పారన్నదాని విలువ మొత్తం మీద తగ్గింది. ఒక పదో తరగతి పిల్ల దిండు పక్కన తిప్పే మూడొందల ప్లేలు ఈ లెక్కలో ఎక్కడా లేవు. పైగా తన దగ్గర మెలాన్ అకౌంటే లేదు.

యూట్యూబ్ కూడా అంతే.  2019 జులైలో మన ర్యాపర్ బాద్‌షా పాట ఒకటి ఒక్క రోజులో 7.5 కోట్లు దాటిందని ప్రచారం జరిగింది. ప్రకటనలు కొని తెచ్చిన వ్యూస్ కలిశాయని గొడవ లేచాక, అదే ఏడాది సెప్టెంబర్‌లో యూట్యూబ్ 24 గంటల రికార్డుల్లోంచి ప్రకటనల వ్యూస్‌ను తీసేసింది. మన దగ్గర సినిమా టీజర్ రాగానే 24 గంటల వ్యూస్ పోస్టర్ల కోసం హీరోల ఫ్యాన్స్ కొట్టుకోవడం చూసినవాళ్ళకు ఈ పిచ్చి కొత్తేమీ కాదు. ఇక సౌండ్ సగానికి పైగా పెట్టాలి, లింక్ నొక్కకుండా పేరు వెతికి చూడాలి, మధ్యలో వేరే మూడు వీడియోలు చూడాలి అని గ్రూపుల్లో తిరిగే సూత్రాలున్నాయి కదా. తన లెక్క కిటుకు మొత్తం యూట్యూబ్ ఎవరికీ చెప్పదు. ఒకరి ఊహను ఇంకొకరు రూల్‌గా మార్చి పిల్లల మీద పెడుతున్నారు.

"మీ ప్రతి ప్లే వాళ్ళ చేతికి డబ్బుగా వెళ్తుంది" అన్నది రెండో మాట. పిల్లల మనసును ఎక్కువగా కట్టిపడేసేది ఇదే.

మెలాన్ లాంటి యాప్‌లకు అందరూ నెలనెలా కట్టే చందా ఒక కుండలో పడుతుందనుకోండి. 2019 జనవరి నుంచి కొరియాలో అమల్లోకి వచ్చిన పంపకం ప్రకారం అందులో 35 శాతం యాప్‌కు, 65 శాతం హక్కుదారులకు. ఆ 65లో 48.25 పాట తయారు చేసిన కంపెనీకి, 10.5 రాసినవాళ్ళకూ బాణీ కట్టినవాళ్ళకూ. పాడినవాళ్ళకూ వాయించినవాళ్ళకూ కలిపి 6.25. మీ అభిమాన గ్రూప్‌లో ఏడుగురుంటే ఆ 6.25లో వాళ్ళ వాటా ఎంతో మీరే చూసుకోండి. మిగతాది కంపెనీతో వాళ్ళ ఒప్పందాన్ని బట్టి.

అంతకంటే పెద్ద విషయం ఇంకోటి. కుండలో డబ్బును మొత్తం ప్లేల లెక్కతో పంచుతారు. మీరు పదిసార్లు విన్నా వెయ్యిసార్లు తిప్పినా మీ చందా మారదు, కుండ నిండదు. పంపకంలో వాటాల మధ్య గీత మాత్రం అటూ ఇటూ జరుగుతుంది. మన గ్రూప్ వైపు జరిగిందంటే ఇంకెవరి వాటా నుంచో జరిగినట్టే. సియోల్‌లో హోంగ్‌డే వీధుల్లో వాయించుకునే చిన్న బ్యాండ్‌ను నెలంతా ప్రేమగా విన్న మనిషి చందా కూడా, రాత్రంతా ఎవరూ వినకుండా తిరిగిన పాట వైపు పోతుంది. ఈ అన్యాయం అక్కడివాళ్ళకు తెలుసు. 2020 మే నుంచి, కొరియన్ ఇంటర్నెట్ కంపెనీ నేవర్ వాళ్ళ వైబ్ యాప్, ఎవరి చందా వాళ్ళు విన్న కళాకారులకే వెళ్ళే పద్ధతి మొదలుపెట్టింది కూడా. ఆ పద్ధతిలో వెయ్యిసార్లు తిప్పినా మీ చందా కంటే పైసా ఎక్కువ వెళ్ళదు.

మరి మనం వాడే స్పాటిఫై? అక్కడ 30 సెకన్లు వింటే ఒక స్ట్రీమ్. కానీ నిజంగా వినాలన్న ఉద్దేశం లేని ప్లేను అది కృత్రిమ స్ట్రీమ్ అంటుంది. అలాంటివి దొరికితే లెక్కలోంచి తీసేస్తుంది, వాటికి డబ్బు ఇవ్వదు. మరీ ఎక్కువ దొరికితే పాట పెట్టిన కంపెనీ దగ్గరే రుసుం వసూలు చేసే పద్ధతి 2024లో తెచ్చింది. సాయం చేస్తున్నామనుకుని నష్టం తెచ్చే అవకాశం కూడా ఉందని ఆ మెసేజ్‌లో ఒక్క ముక్క ఉండదు.

మూడో మాట అమెరికా సంగీత పత్రిక బిల్‌బోర్డ్ చార్టుల గురించి. "ఇండియా నుంచి మనం తిప్పితేనే హాట్ 100" అని ఆ మెసేజ్‌కు కొందరు కలుపుతుంటారు. హాట్ 100 అమెరికా చార్టు. అక్కడి స్ట్రీమ్‌లు, అక్కడి అమ్మకాలు, అక్కడి రేడియోనే లెక్క. హైదరాబాద్‌లో మనం ఎంత తిప్పినా అందులో సున్నా. మన ప్లేలు కలిసేది 2020 సెప్టెంబర్‌లో మొదలైన గ్లోబల్ 200 అనే ప్రపంచ చార్టులో. అమెరికా లెక్కలో కూడా డబ్బు కట్టి విన్న స్ట్రీమ్‌కు, ఉచితంగా విన్నదానికి ఒకే విలువ ఉండదని 2018లోనే తేల్చేశారు. కొరియన్ గ్రూప్ బీటీఎస్ పాట 'బటర్' హాట్ 100లో పది వారాలు నంబర్ వన్‌గా ఉన్న 2021లో, ఫ్యాన్స్ డౌన్‌లోడ్లు కొని గెలిపిస్తున్నారన్న విమర్శ వచ్చింది. అప్పుడు బీటీఎస్ నాయకుడు ఆర్ఎమ్ ఆ పత్రికకే ఇచ్చిన ఇంటర్వ్యూలో, నంబర్ వన్ అంటే ఏమిటో తేల్చి రూల్స్ మార్చుకోవడం బిల్‌బోర్డ్ పని అన్న అర్థంలో జవాబిచ్చాడు. నాకు ఆ జవాబు నచ్చింది. తర్వాత వాళ్ళు ఒక మనిషి వారంలో కొన్న డౌన్‌లోడ్ ఒక్కటే లెక్కిస్తామని మార్చారు కూడా. చార్టు ఎలా ఉండాలన్న బాధ్యత చార్టు వాళ్ళది. దాన్ని పదిహేనేళ్ళ పిల్లల నిద్ర మీద వేయకూడదు.

"నంబర్ వన్ రాకపోతే తప్పు మనదే." ఈ మాట చదివి ఏడ్చిన పిల్లలు నాకు తెలుసు. దీనికి బ్రేవ్ గర్ల్స్ అనే కొరియన్ అమ్మాయిల గ్రూప్ కథ చాలు. 'రోలిన్' పాట 2017 మార్చిలో వచ్చింది, ఎవరూ పట్టించుకోలేదు. గ్రూప్ విడిపోయే దాకా వచ్చింది. 2021 ఫిబ్రవరిలో, వాళ్ళు సైనిక శిబిరాల్లో ఇచ్చిన ప్రదర్శనల క్లిప్పులకు సైనికుల కామెంట్లు కలిపి ఎవరో యూట్యూబ్‌లో పెట్టారు. జనం నవ్వుకున్నారు, చూశారు, పాట వెతుక్కుని విన్నారు. మార్చిలో ఆ నాలుగేళ్ళ పాట మెలాన్‌లో నంబర్ వన్. ఎవరూ టార్గెట్లు పెట్టలేదు. అందరికీ ఇలాంటి అదృష్టం పట్టదని ఒప్పుకుంటాను. చిన్న కంపెనీ గ్రూప్‌కు టీవీ మ్యూజిక్ షోలో మొదటి గెలుపు రావాలంటే డిజిటల్ స్కోర్, అంటే యాప్‌లలో విన్న లెక్కకు వచ్చే పాయింట్లు, చాలా ముఖ్యం, అక్కడ ఫ్యాన్స్ అందరూ కలిసి వినడం నిజంగా ఉపయోగపడుతుంది. కలిసి వినడం తప్పని నేను అనడం లేదు. కానీ ఒక పాట కింద పడటానికి పాట, ప్రచారం, ఆ వారం ఇంకెవరు వచ్చారు, జనం మూడ్ ఏమిటి, ఇలా వంద కారణాలుంటాయి. అందులో మా చెల్లి నిద్రపోవడం ఒకటి కాదు.

"వేరే ఫ్యాన్‌డమ్‌లు చేస్తున్నాయి కదా" అనేవాళ్ళకు ఒకటే చెప్తాను. వాళ్ళ పిల్లలూ నిద్రపోవాలి.

ఇక్కడ బయటివాళ్ళకు కూడా ఒక మాట. ఇది చదివి "చూశారా, కొరియన్ పాటల నంబర్లన్నీ బోగస్" అనకండి. డబ్బు తీసుకుని దొంగ అకౌంట్లతో చార్టు ఎక్కించడాన్ని కొరియాలో సజెగి అంటారు. 2016లో సవరించిన చట్టం ప్రకారం దానికి రెండేళ్ళ దాకా జైలు లేదా రెండు కోట్ల వాన్ల దాకా జరిమానా. ఫ్యాన్స్ చేసేది అది కాదు. వాళ్ళు నిజమైన మనుషులు, ఇష్టంతోనే మొదలుపెడతారు. పైగా ఈ ఫ్యాన్స్‌లోంచే 2021లో కేపాప్ ఫర్ ప్లానెట్ అనే బృందం పుట్టి, ఇంత స్ట్రీమింగ్ వల్ల వచ్చే కాలుష్యం సంగతేంటని మెలాన్‌నే నిలదీసింది. ఆలోచించే ఫ్యాన్స్ ఎప్పుడూ ఉన్నారు. గ్రూపుల్లో వాళ్ళ గొంతు వినబడనివ్వడం లేదు, అంతే.

చివరికి నిద్ర, ప్రేమ. వాళ్ళు నిద్ర మానుకుని కష్టపడ్డారు, అందుకని మనమూ మానుకోవాలట. వాళ్ళు కష్టపడింది మనం వినాలని. ఆ రాత్రి నేను మా చెల్లిని, "ఆల్బమ్‌లో నీకు ఏ పాట ఇష్టమే?" అని అడిగాను. చెప్పలేకపోయింది. టార్గెట్ ప్లేలిస్ట్‌లో టైటిల్ పాటే ఉంది కాబట్టి, వందల సార్లు అదే తిప్పింది. మధ్యలో వేసినవి పాత పాటలు. మిగతా ఆరు పాటలు ఒక్కసారి కూడా వినలేదు. అందులో ఒకటి తన అభిమాన సభ్యుడు సొంతంగా రాసింది. ఫోన్లు ఆపేసి, డాబా మీదికి వెళ్ళి, చెరో ఇయర్‌ఫోన్ పెట్టుకుని ఆల్బమ్ మొత్తం విన్నాం. పాతిక నిమిషాలు కూడా పట్టలేదు. స్ట్రీమ్‌ల లెక్కలో మేము చేసింది ఏడు.

పొద్దున్నే గ్రూప్‌లో తన పేరు ఎర్ర రంగులో "టార్గెట్ చేయలేదు" జాబితాలో ఉంది. అడ్మిన్‌లకు నా విన్నపం ఇదే. పార్టీలు పెట్టండి, కలిసి విందాం, నేనూ వస్తాను. తర్వాతి కమ్‌బ్యాక్‌కు ముందే ఆ జాబితాను, ఆ స్క్రీన్‌షాట్ రూల్‌ను తీసేయండి.