సొరకాయ కవర్ డ్రైవ్

మూడు రోజులుగా నేను లిఫ్టు ఎక్కడం లేదు. మాది ఐదో అంతస్తు.

ఆఫీసు క్రికెట్ టోర్నమెంటులో వరసగా మూడు మ్యాచుల్లో సున్నాకే ఔటయ్యాను. నలభై మూడేళ్ల వయసులో పౌరుషం పొడుచుకొచ్చి కోచింగులో చేరాను. మూడు నెలల ఫీజు ముందే కట్టించుకున్నారు. మూడు వారాలైనా ఒక్క బంతి వెయ్యలేదు. పక్క నెట్‌లో తొమ్మిదేళ్ల పిల్లలు టపాటపా బాదుతుంటే నేనో మూల నిలబడి గాలిని కొట్టాలి. దీన్ని షాడో ప్రాక్టీస్ అంటారు. బంతి ఉండదు, బౌలర్ ఉండడు, ఫీజు మాత్రం ఉంటుంది.

"సార్, ఎడమ మోచెయ్యి పైకి. తల బంతి మీదికి రావాలె. కింది చెయ్యి గట్టిగా పిసకొద్దు, రెండు వేళ్లు చాలు. షాట్ అయినంక రెండు సెకన్లు అట్లనే ఉండుండ్రి, కదలొద్దు. బ్యాలెన్స్ ఉందో లేదో అప్పుడే తెలుస్తది" అంటాడు కోచ్, కవర్ డ్రైవ్ అనే షాట్ నేర్పుతూ.

ఒకరోజు ధైర్యం చేసి మణికట్టు తిప్పాను. హైదరాబాదు వాణ్ణి కదా, అజారుద్దీన్, లక్ష్మణ్ తాగిన నీళ్లే నేనూ తాగాను, ఓ చుక్కయినా ఒంటికి పట్టి ఉంటుందని ఆశ. 2001లో ఈడెన్ గార్డెన్స్‌లో లక్ష్మణ్ 281 కొట్టినప్పుడు, లెగ్ స్టంప్ అవతల ఆస్ట్రేలియా స్పిన్నర్ వార్న్ వేసిన బంతిని ఓసారి కవర్స్‌కి, అలాంటిదాన్నే ఇంకోసారి దానికి ఎదురు వైపున్న మిడ్ వికెట్‌కి పంపించాడు. మా కోచ్ నా మణికట్టును పెళ్లిచూపుల్లో నచ్చని సంబంధాన్ని చూసినట్టు చూసి, "ముందు అద్దం ముంగట రోజూ రెండొందల సార్లు చెయ్యండి సార్, తర్వాత చూద్దాం" అన్నాడు.

మా ఇంట్లో నిలువుటద్దం బీరువాకి ఉంది. రెండో రోజుకే మా ఆవిడ దాని ముందు బ్యాటు పట్టుకోవద్దంది. ఆస్ట్రేలియా బ్యాట్స్‌మన్ బ్రాడ్‌మన్ చిన్నప్పుడు ఇంటి నీళ్లట్యాంకు దిమ్మెకేసి గోల్ఫ్ బంతిని స్టంపుతో కొట్టే అంతవాడయ్యాడు తెలుసా అన్నాను. "అయితే మీరూ ట్యాంకు దగ్గరికే వెళ్లండి" అంది. మా ట్యాంకు టెర్రస్ మీద ఉంది. టెర్రస్ తాళం అసోసియేషన్ సెక్రటరీ గారి బొడ్లో ఉంటుంది. అడిగితే "మీటింగులో పెడదాం" అంటారు.

ఇక మిగిలిన అద్దం లిఫ్టులోది.

ఆరుగురు, 408 కిలోలు అని రాసి ఉంటుంది. ఒక్కణ్ణే ఉంటే కాలు ముందుకు చాపడానికి చక్కగా సరిపోతుంది. సెల్లార్ నుంచి ఐదో అంతస్తుకి నాలుగు డ్రైవులు పడతాయి. అలా రెండు వారాలు ఎవరి కంటా పడకుండా నడిచింది.

మొన్న ఆదివారం రైతుబజారు నుంచి వస్తున్నాను. సంచిలోంచి పొడుగు సొరకాయ తల బయటపెట్టి చూస్తోంది. మెడ సన్నం, కింద వెడల్పు. బ్యాటు వెడల్పు నాలుగుంపావు అంగుళాలు దాటకూడదని రూలు, అంపైరు కొలిచినా ఇది పాసయ్యేదే. లిఫ్టులో ఎవరూ లేరు. చెయ్యి ఊరుకోలేదు.

మూడో అంతస్తు వస్తుండగా అద్దంలో నన్ను నేను చూసుకుంటూ కవర్ డ్రైవ్ మొదలుపెట్టాను. ఎడమ కాలు దబ్బున ముందుకు పడింది, మోకాలు వంగింది, తల బంతి మీద, మోచెయ్యి పైన. జీవితంలో మొదటిసారి అన్నీ ఒక్కసారే కుదిరాయి. సొరకాయ భుజం మీదుగా వీపు వెనక్కి వెళ్లింది. లిఫ్టు ఆగింది. వెనక తలుపులు తెరుచుకున్నాయి.

అద్దంలో నేను. నా వెనక సెక్రటరీ గారు. ఆయన పక్కన స్పానర్ పట్టుకున్న లిఫ్టు మెకానిక్.

ఇక్కడ ఎవరైనా చెయ్యాల్సింది సొరకాయ దించెయ్యడం. కానీ కోచ్ చెప్పిన "రెండు సెకన్లు కదలొద్దు" అన్నదొక్కటే నాకు బాగా వంటబట్టిన పాఠం. కదల్లేదు.

మొదటి సెకన్లో అపార్ట్‌మెంటు గ్రూపు గుర్తొచ్చింది. "లిఫ్టులో ఎవరో గెంతుతున్నారు, 302 వారు తమ పిల్లలను అదుపులో ఉంచుకోగలరు" అని పదిరోజులుగా సెక్రటరీ గారు పెడుతున్న మెసేజీలన్నీ గుర్తొచ్చాయి. వాటి కింద నేను పెట్టిన బొటనవేళ్లూ గుర్తొచ్చాయి. పిల్లల పెంపకం గురించి నేను రాసిన రెండు ముక్కలు కూడా. బ్యాలెన్స్ మాత్రం అద్భుతంగా ఉంది. కోచ్ చూసి ఉంటే కనీసం ఒక బంతి వేసేవాడు.

రెండో సెకన్లో సొరకాయ మెడ విరిగింది. మొండెం వెళ్లి మెకానిక్ చెప్పుల మీద పడి, దొర్లుకుంటూ సెక్రటరీ గారి ముందు ఆగింది.

"దీనికా సార్ నేను నాలుగుసార్లు రోప్ చెక్ చేసింది?" అన్నాడు మెకానిక్.

సెక్రటరీ గారు ఏమీ అనలేదు. సాయంత్రానికి సీసీ కెమెరా వీడియో గ్రూపులో పెట్టారు. నా బండిలో పెట్రోలు పోయినప్పుడు "పనిచెయ్యట్లేదండీ" అన్న కెమెరాలే ఇవి. ఒక్క రేణువు కూడా మసక లేదు. 302 ఆయన దాని కింద "మోచెయ్యి పడిపోతోంది సార్" అని రాశారు. నలభై ఒక్క మంది నవ్వారు.

"ఇదేంటి, మెడ ఒక్కటే అమ్ముతున్నారా ఇప్పుడు?" అని మా ఆవిడ అడిగింది.

మొండెం సెక్రటరీ గారు పట్టుకెళ్లారు. మీటింగులో చూపించడానికి సాక్ష్యమట. నిన్న మెట్లెక్కుతూ మూడో అంతస్తులో ఆయాసం తీర్చుకుంటుంటే వాళ్ల వంటింట్లోంచి శనగపప్పు, సొరకాయ కలిపి ఉడుకుతున్న వాసన వచ్చింది.