అటెండెన్స్ రిజిస్టర్ గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ అటెండెన్స్ రిజిస్టర్ గారి దివ్యసముఖమునకు,

పాత విద్యార్థి నమస్కరించి వ్రాయునది. ఇక్కడ మేమంతా ఈఎంఐలు కట్టుకుంటూ క్షేమంగా ఉన్నాం. మీకేం లెండి, బీరువాలో చల్లగా ఉంటారు.

శుక్రవారం సాయంత్రమైతే చాలు, మా బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో ఎవడో ఒకడు పాత ఫొటో పెడతాడు. "ఆ రోజులే వేరు మామా" అని ఇంకొకడు అందుకుంటాడు. ఆ ఫొటోల్లో ఒక్కదాంట్లోనూ క్లాస్‌రూమ్ ఉండదు. కోఠిలో సెకండ్‌హ్యాండ్ పుస్తకాలు కొంటామని ఇంట్లో తీసుకున్న డబ్బుతో ఇరానీ హోటల్లో ఉస్మానియా బిస్కెట్లు తింటున్న ఫొటో. ఆర్టీసీ క్రాస్ రోడ్స్‌లో మార్నింగ్ షో టికెట్లు ఊపుతున్న ఫొటో. ఉస్మానియా ఆర్ట్స్ కాలేజీ మెట్ల మీద ఒకటి. మాది ఆ యూనివర్సిటీయే కాదు, మా కాలేజీ ఎక్కడో ఇబ్రహీంపట్నం అవతల. కానీ 1939లో తెరిచిన ఆ రాతి భవనం ముందు నిలబడితే ఎంతటివాడైనా చదువుకున్నవాడిలా కనిపిస్తాడు. ఆ తేదీల్లో మీ పేజీలు తిప్పి చూసుకోండి, మాలో చాలామందికి ఆబ్సెంటే. మేం ఇంత ప్రేమగా తలుచుకుంటున్నవన్నీ కాలేజీకి డుమ్మా కొట్టిన రోజులే.

ఈ మాట గ్రూపులో అంటే నన్ను పీకేస్తారు. అందుకని మీకు రాస్తున్నా.

మీరే లేకపోతే అవి ఉత్త సెలవులయ్యేవి. అదే హోటల్‌కి ఆదివారం వెళ్తే చాయ్ చాయ్‌లాగే ఉండేది. అక్కడ మీలో మా నంబరు పిలుస్తుండగా ఇక్కడ సాసర్‌లో పోసుకుని తాగితేనే ఆ రుచి.

కొన్ని పిలుపులు వృథా పోయేవి కాదు లెండి. వెనక బెంచీలో మాకొక మహానుభావుడు ఉండేవాడు. ఒక నంబరుకి ముక్కుతో పలికేవాడు, ఇంకో నంబరుకి గొంతు బొంగురు పెట్టేవాడు, మూడోదానికి కింద పడ్డ పెన్ను వెతుకుతున్నట్టు వంగి బెంచీ కిందనుంచి "ఎస్ సార్" అనేవాడు. సారు తలెత్తితే తడుముకోకుండా దగ్గేవాడు. ఆ కళాకారుడు ఇప్పుడు గచ్చిబౌలిలో ఒక కంపెనీ హెచ్‌ఆర్‌లో కూర్చుని, ఎవడు ఎన్నింటికి కార్డు గీకాడో లెక్కలు తీస్తున్నాడు.

అయినా మీ దయాగుణం ఎవరికొస్తుంది! జేఎన్‌టీయూ రూలు ప్రకారం 75 శాతం చాలన్నారు. అదీ లేకపోతే 65 దాకా మెడికల్ సర్టిఫికెట్, తక్కువైన హాజరును మన్నించడానికి కండొనేషన్ ఫీజు. సెమిస్టర్ చివర్లో మా క్లాసుకి వచ్చినన్ని టైఫాయిడ్లు నల్లకుంట ఫీవర్ ఆసుపత్రికి కూడా వచ్చి ఉండవు. ఇప్పుడు నిజంగా జ్వరమొచ్చి పడుకున్నా, మూలుగుతూనే ల్యాప్‌టాప్ తెరవాలి.

65 కంటే కిందికి పోయినవాళ్లని మాత్రం మీరు వదల్లేదు. డిటెయిన్ చేసి జూనియర్లతో కూర్చోబెట్టారు. మా బ్యాచ్‌లో అలా ఆగిపోయినవాడు ఈ గ్రూపులో లేడు. ఆ రోజులు వేరని వాడికీ అనిపిస్తుందేమో, అడిగినవాడు లేడు.

వచ్చే నెల కాలేజీలోనే రీయూనియన్ అట. గ్రూపులో అందరూ బొటనవేళ్లు పైకెత్తారు. మీరు నమ్మకండి. ఆ పూట ఓసారి బీరువాలోంచి బయటికొచ్చి పేర్లు పిలవండి, 75 శాతం దాటితే నా చెవి కోయించుకుంటా. వచ్చినవాళ్లు కూడా గేటు దగ్గర సెల్ఫీ దిగి, అటునుంచి అటే బిర్యానీకి పోతారు. కండొనేషన్ ఫీజు ఎంత పెట్టినా ఫరవాలేదు, ఇప్పుడు ఫోన్‌పే ఉంది.

ఇట్లు,
తమ విధేయుడు, షార్టేజ్ లిస్టులో మొదటి పేరు.

తా.క.: ఆ రోజు నాకు మీటింగ్ ఉంది. నా నంబరుకి ఎవరో ఒకరు పలుకుతారు. గొంతు తేడాగా ఉంటే జలుబనుకోండి.