మెడికల్ రీయింబర్స్‌మెంట్ ఫైలు గారికి...

మహారాజశ్రీ ఫైలు గారికి,

వైద్యానికైన ఖర్చు సర్కారు నుంచి తిరిగి ఇప్పించమని జిల్లా పరిషత్ హైస్కూలు టీచరు ఒకడు నమస్కరించి రాయునది. ఇక్కడ అమ్మ క్షేమం. తమరు ఏ బల్ల మీద, ఏ బరువు కింద ఉన్నారోనని మాకు ఒకటే బెంగ.

2021 మే నెలలో కరోనాతో అమ్మకు ఆక్సిజన్ 84కి పడిపోయింది. ఎక్కడ బెడ్ దొరికితే అదే మా ఆసుపత్రి. 11 రోజుల ఐసీయూ, 4,60,000 బిల్లు. ప్రైవేటు ఆసుపత్రుల్లో కరోనా వైద్యానికి తెలంగాణ ప్రభుత్వం 2020 జూన్‌లోనే రేట్లు కట్టింది కదా: వెంటిలేటర్ లేని ఐసీయూకి రోజుకు 7,500, ఉంటే 9,000. కౌంటర్లో ఆ జీవో మాటెత్తితే, "బెడ్ ఖాళీ చేస్తారా సార్?" అన్నారు. నోరు మూసుకున్నా. అక్కడ చెల్లని జీవో ఏ గంగలో కలిసిందోననుకున్నా. కాదు, తమరి కడుపులోనే భద్రంగా ఉంది! నా బిల్లు కోసేటప్పుడు మాత్రం అక్షరం పొల్లుపోకుండా అమలైంది. మిగిలింది 96,000.

తమరి ఆకలి కూడా సామాన్యమా? ఎమర్జెన్సీ సర్టిఫికెట్ కావాలన్నారు. తర్వాత ఎసెన్షియాలిటీ సర్టిఫికెట్, అంటే ఊపిరాడని మనిషికి ఊపిరి అవసరమేనని డాక్టరు సంతకం. అమ్మ నా మీదే ఆధారపడిందని మరొకటి. ఈ డబ్బు ఇదివరకు తీసుకోలేదని నాన్ డ్రాయల్ సర్టిఫికెట్. (ఇదొక్కటి ఎన్నేళ్లకైనా కళ్లు మూసుకుని ఇస్తా.)

నాన్నకు ఇంట్లోనే తగ్గింది. తప్పు ఆయనదే. సిలిండర్ అద్దె, రాత్రిళ్లు నర్సమ్మ, పూటపూటా క్యారియర్, అన్నీ అయ్యాయి. డిశ్చార్జి సమ్మరీ లేదు గనక ఆయనకసలు జబ్బే రాలేదు.

డిశ్చార్జి అయిన 6 నెలల్లో నేను తమరిని చేరాలట. తమరు నన్ను చేరడానికి గడువేమిటో 1972 నాటి ఉద్యోగుల వైద్య నిబంధనల్లో ఎంత వెతికినా కనబడలేదు.

ఇప్పుడు ట్రెజరీలో టోకెన్ పడి, ఈ-కుబేర్‌లో, అంటే సర్కారు చెల్లింపులు జరిగే రిజర్వు బ్యాంకు కంప్యూటర్లో, ఉన్నారని తెలిసింది. సాక్షాత్తూ వెంకన్న పెళ్లికే అప్పిచ్చిన ఆసామి ఇంట్లో! ఆయన తప్పేమీ లేదట, పైనుంచి నిధులు వదలాలట. మరీ మొహమాటపడకండి. వీలు చూసుకుని మా గురించి ఓ మాట చెవిన వేయండి.

అమ్మ గాజులు ఇంకా తాకట్టులోనే ఉన్నాయి. బ్యాంకువాళ్లు మాత్రం ఏ సర్టిఫికెట్టూ అడక్కుండానే నెలనెలా వడ్డీ పట్టుకుంటున్నారు.

ఇట్లు,
తమరి దర్శనాభిలాషి

జతపరచినవి: మొన్న తమరిలోంచి జారిపోయాయన్న జిరాక్సులు, మూడో సెట్టు.