కడలి పిలిచింది, ఎల్‌టీసీ పంపింది

స్కూబా డైవింగ్ చేసొచ్చిన వాళ్లెవరినైనా సరే, "అసలు మీకీ ఆలోచన ఎలా వచ్చిందండీ?" అని అడిగి చూడండి. కాసేపు కిటికీలోంచి దూరంగా చూసి, గొంతు తగ్గించి, "సముద్రం పిలిచింది" అంటారు. అదే సమయానికి పక్క గదిలో ఆయన భార్య, "ఎల్‌టీసీ మురిగిపోతుందని వెళ్లాం వదినా" అని ఫోన్లో ఎవరికో చెబుతూ ఉంటుంది. (ఎల్‌టీసీ అంటే సర్కారీ ఉద్యోగి ఊరెళ్లి రావడానికి ప్రభుత్వం ఇచ్చే ప్రయాణ ఖర్చు.) ఈ రెండు వాంగ్మూలాల్లో దేన్ని నమ్మాలో తేల్చే భారం ఎవరూ తీసుకున్నట్టు లేదు కాబట్టి నేనే నెత్తికెత్తుకున్నాను. ఫలితం ముందే చెప్పేస్తున్నాను: నీళ్లలోకి దిగినవాడెవడూ నీళ్ల కోసం దిగలేదు. గట్టు మీద ఏదో జరిగింది, అందుకని దిగాడు.

మనకు తెలిసిన పాత కేసు దుర్యోధనుడిది. పద్దెనిమిదో రోజుకి సైన్యమంతా అయిపోయింది, చేతిలో గద ఒక్కటే మిగిలింది. ద్వైపాయన మడుగులో దిగి, జలస్తంభన విద్యతో నీళ్లను కట్టి, అడుగున పడుకున్నాడు. సిలిండర్ లేదు, మాస్కు లేదు, ఇన్‌స్ట్రక్టర్ అసలే లేడు. ఈ ముక్క పట్టుకుని స్కూబా మనమే కనిపెట్టామని తెల్లవారుజామున ఫార్వర్డ్ చేసే పెద్దలకు ఒక మనవి. కనిపెట్టాం, సరే. ఎందుకు కనిపెట్టామో కూడా అందులో రాయండి. ఆయన్ని లాగింది జలచరాల అందం కాదు, ఒడ్డున భీముడున్నాడు. పైగా ధర్మరాజు గట్టు మీద నిలబడి నాలుగు మాటలనేసరికి పౌరుషం వచ్చి బయటికి వచ్చేశాడు. నీటి అడుగు జీవితం మీద మక్కువ అంతంతమాత్రమేనని దీన్నిబట్టి తేలుతోంది.

ఇక ఆధునిక యుగానికి మూలపురుషుడు ఫ్రాన్సు దేశపు జాక్ కూస్టో. సముద్రానికే పుట్టినవాడిలా ఎర్రటోపీ పెట్టుకుని ఫోటోల్లో కనిపిస్తాడు గానీ, ఆయన మొదట ఎక్కాలనుకున్నది ఆకాశం. నౌకాదళంలో ఉంటూ పైలట్ అవుదామని శిక్షణలో చేరాడు. 1936లో కారు ప్రమాదమై చేతులు విరిగాయి. విమానం కల అక్కడితో సరి. చేతులకు మళ్లీ బలం రావాలని తూలాన్ తీరంలో ఈత మొదలుపెడితే, ఫిలిప్ తాయే అనే తోటి అధికారి నీళ్లలో పెట్టుకునే కళ్లద్దాలు ఇచ్చాడు. అవి పెట్టుకుని తల ముంచితే అడుగున ఇంకో లోకం కనిపించింది. జీవిత చరిత్రలు రాసేవాళ్లకు ఈ కళ్లద్దాల ఘట్టం మహా ఇష్టం. విరిగిన చేతుల దగ్గర మాత్రం ఎక్కువసేపు ఆగరు.

చూడడం అలవాటయ్యాక కిందే ఉండిపోవాలన్న యావ పట్టుకుంది. ఊపిరి బిగబట్టి ఎంతసేపని ఉంటాడు? ఇక్కడ రంగప్రవేశం చేసినవారు ఆయన మామగారు. నౌకాదళంలో పెద్ద హోదా చూసిన ఆ పెద్దమనిషి ఎయిర్ లిక్విడ్ అనే వాయువుల కంపెనీలో డైరెక్టరు. అల్లుడిగారి బాధ చూడలేక, కంపెనీలో ఎమిల్ గాన్యాన్ అనే ఇంజినీరుకు అప్పగించారు. ఆ గాన్యాన్ చేతిలో అప్పటికే ఒక చిన్న వాల్వ్ ఉంది. అది సముద్రం కోసం చేసింది కాదు. యుద్ధంలో జర్మన్లు పెట్రోలంతా ఊడ్చేశారు కాబట్టి ఫ్రెంచివాళ్లు కార్లను గ్యాసుతో నడుపుకుంటున్నారు. ఇంజిన్ ఎంత పీలిస్తే అంత గ్యాసు మాత్రమే వదలడం ఆ వాల్వ్ పని. ఇంజిన్ తీసేసి ఆ స్థానంలో కూస్టోని పెట్టారు. 1943లో నీళ్లలో ఊపిరి పీల్చుకునే యంత్రం, ఆక్వాలంగ్, తయారైంది.

అంటే ఇవాళ మనవాళ్లు నోట్లో పెట్టుకుని తత్వవేత్తల్లా బుడగలు వదిలే రెగ్యులేటరు పూర్వజన్మలో కారు విడిభాగం. కారు ప్రమాదం జరక్కపోయినా, పెట్రోలుకు కటకట రాకపోయినా, పెళ్లి ఇంకో ఇంట్లో కుదిరినా ఈ విద్య ఇలా మొదలయ్యేది కాదు. మన పెళ్లిళ్ల పేరయ్యలు ఈ మూడో అంశాన్ని ప్రత్యేకంగా గమనించాలి. మామగారు రియల్ ఎస్టేట్‌లో ఉన్నారా, గ్యాసు కంపెనీలో ఉన్నారా అన్నదాని మీద మానవజాతి చరిత్ర కూడా ఆధారపడి ఉంటుంది.

ఆ ఏడాది జూన్‌లో బాందోల్ దగ్గర ఆయన ఆ యంత్రంతో సముద్రంలో దిగినప్పుడు, భార్య సిమోన్ నీళ్ల మీద బోర్లా తేలుతూ మొగుడు ఎటు పోతున్నాడో కనిపెట్టుకుని ఉంది. భర్తల మీద నిఘా అన్ని దేశాల్లోనూ ఒక్కటే. చరిత్ర మలుపు తిరిగిన ఆ ఘడియలో ఆయన ఏం పట్టుకొచ్చాడనుకున్నారు? ఒక గుహలోంచి లాబ్‌స్టర్లు ఏరి పైకి అందించాడు. తన జ్ఞాపకాల్లో తనే రాసుకున్నాడు. తప్పేముంది, యుద్ధకాలంలో ఫ్రాన్సంతా ఆకలి మీద ఉంది. మానవుడు తొలిసారి చేపలా స్వేచ్ఛగా విహరించాడని వ్యాసాల్లో చదువుతుంటాం. ఆ విహారం భోజనాల వేళకు ముగిసిందని ఎవరూ రాయరు.

అమెరికా సంగతి త్వరగా ముగిద్దాం. అక్కడ 1958లో టీవీలో ఒక డైవర్ హీరోగా సీరియల్ మొదలైంది. అది చూసి సోఫాలో కూర్చున్న జనమంతా సిలిండర్లు కొనడానికి బయల్దేరారు. 1966లో ఇల్లినాయ్ రాష్ట్రంలో, సముద్రానికి బహుదూరంగా, ఈత నేర్పే మాస్టారొకరు, డైవింగ్ సామాన్లు అమ్మే సేల్స్‌మన్ ఒకరు కూర్చుని డైవర్లకు సర్టిఫికెట్లిచ్చే సంస్థ పెట్టారు. ఇవాళ లోకమంతా కనబడే ప్యాడీ కార్డు అదే. ఆ మీటింగులో విస్కీ సీసా కూడా పాల్గొందని వాళ్లే సగర్వంగా చెప్పుకుంటారు. పిలిచింది సముద్రమో, సీసాయో వాళ్లకే తెలియాలి.

ఇక మనవాళ్ల విషయం. ఇక్కడ పిలుపు రెండు రకాలుగా వస్తుంది.

మొదటిది సర్కారీ పిలుపు. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులు సొంతూరికి వెళ్లే ఎల్‌టీసీని మార్చుకుని అండమాన్‌కి విమానంలో వెళ్లొచ్చని ఒక వెసులుబాటు ఉంది. తణుకు వెళ్లాల్సిన మనిషి అక్కడి హావ్‌లాక్ దీవిలో (ఇప్పుడు పేరు స్వరాజ్ ద్వీప్) తేలతాడు. ఎల్‌టీసీ వాడుకోవాల్సిన గడువు, అదే బ్లాక్ పీరియడ్, ముగింపుకొచ్చే కొద్దీ అతనిలో పగడపు దిబ్బల మీద ప్రేమ పొంగి పొర్లుతుంది. ఆర్డరు పొడిగించారని తెలిసిన మర్నాడు చల్లారుతుంది. సముద్రానికి ఆటుపోట్లు చంద్రుడి వల్ల వస్తాయని స్కూల్లో చెప్పారు. కొన్ని అకౌంట్స్ సెక్షన్ వల్ల కూడా వస్తాయి.

రెండోది తోడల్లుడి పిలుపు. తోడల్లుడు మాస్కు పెట్టుకుని చేపల మధ్య తేలుతున్న ఫోటో డీపీగా పెడతాడు. రాత్రి భోజనాల దగ్గర, "ఏమండీ, బావగారు నీళ్లలోకి కూడా దిగారట" అన్న మాట వినబడుతుంది. అందులో ఆరోపణ ఏమీ ఉండదు. చారు వడ్డిస్తూ మామూలుగానే అంటుంది. ఆ మాట విన్నవాడు దిగకుండా ఉండడం కష్టం. దుర్యోధనుడికి భీముడు ఒక్కడే, మనకి ఫ్యామిలీ గ్రూపు నిండా ఉన్నారు.

ఒడ్డున "ఈత రాకపోయినా ఫర్వాలేదు" అని భరోసా ఇచ్చి, సంతకానికి ఒక ఫారం చేతిలో పెడతారు. ఆస్తమా ఉందా, గుండె జబ్బుందా, చెవి ఆపరేషన్ అయిందా, బీపీకి మందులు వాడుతున్నారా. దేనికి 'అవును' అన్నా డాక్టరు సర్టిఫికెట్ కావాలంటారు. మనవాడు పైనుంచి కిందికి అన్నిటికీ 'లేదు' అని టిక్కులు పెట్టుకుంటూ పోయి, పెన్ను తిరిగిచ్చేసి, భార్యతో మెల్లిగా, "నా బీపీ బిళ్లలు నీ బ్యాగులోనే ఉన్నాయిగా?" అంటాడు. నిజానికి ఈ జబ్బులుంటే నీళ్లలోపల ప్రాణం మీదికి రావచ్చు, అందుకే ఆ ఫారం. కానీ తోడల్లుడు దిగి తిరిగొచ్చాక బీపీ ఒక లెక్కా?

తర్వాత అరగంట శిక్షణ. ముక్కు మూసి ఊదితే చెవుల్లో బిగువు తగ్గుతుంది, ఊపిరి ఎప్పుడూ బిగబట్టకూడదు. వేలూ బొటనవేలూ కలిపి సున్నా చుడితే అంతా బాగుందని, బొటనవేలు పైకెత్తితే పైకి తీసుకెళ్లమని అర్థం. అందరూ తలూపుతారు. లోపలికి వెళ్లాక, సంతలో మేకపిల్లను మెడ పట్టి నడిపించినట్టు ఇన్‌స్ట్రక్టరు వెనకనుంచి సిలిండర్ పట్టుకుని అటూ ఇటూ తిప్పుతాడు. ఎదురుగా కెమెరా వస్తుంది. వాట్సాప్‌లో ఇన్నేళ్లుగా నొక్కిన అలవాటు కొద్దీ మనవాడు బొటనవేలు గట్టిగా పైకెత్తుతాడు. ఇన్‌స్ట్రక్టరు పాపం కంగారుపడి పైకి తేల్చేస్తాడు.

"ఏమైంది సార్? చెవులు నొప్పా?"

"లేదయ్యా, ఫోటోకి! సూపర్ అని చెప్పాను!"

కొత్త జంటలది ఇంకో గోడు. పెళ్లికూతురు గోరింటాకు చేతులు ఎర్రగా పండాయని ముచ్చటపడి ముందుకు చాచి ఫోటో దిగుతుంది. నీళ్లు వెలుతురులో ఎరుపును అన్నిటికంటే ముందు మింగేస్తాయి. పది మీటర్ల లోతులో ఆ చేతులు మసి పట్టుకున్నట్టు ఉంటాయి. సాయంత్రం షాపు కుర్రాడు కంప్యూటర్లో ఎరుపు కలిపి ఇచ్చేదాకా అత్తగారికి ఫోటో పంపడానికి లేదు. ఇంతకీ ఆ అరగంటలో ఎన్ని చేపలు కనిపించాయని అడిగితే ఇద్దరూ కెమెరా వైపే చూశారు కాబట్టి సమాధానం ఉండదు. వీడియోలో ఉన్నాయేమో చూసుకోవాలి.

ఇంత పరిశోధించాక అధికారులకు నాదొక ప్రతిపాదన. ఆ ఫారంలో చివర ఇంకో ప్రశ్న చేర్చండి: 'మీరు ఎందుకు దిగుతున్నారు?' పక్కన గళ్లు ఇవ్వండి. ఎల్‌టీసీ. తోడల్లుడు. హనీమూన్ ప్యాకేజీలో ఫ్రీగా ఇచ్చారు. మామగారి కంపెనీ. ఒడ్డున భీముడు. వీటిలో ఏది టిక్ పెట్టినా మనిషి ఆరోగ్యంగా ఉన్నట్టే, నిశ్చింతగా దింపేయొచ్చు. 'సముద్రం పిలిచింది' అన్న గడిలో టిక్ పెట్టినవాళ్లను మాత్రం, ఆస్తమావాళ్లతో పాటే, డాక్టరు సర్టిఫికెట్ తెచ్చేదాకా ఒడ్డునే కూర్చోబెట్టాలి.