మీ రాకకై వేయి కళ్ళతో: బెయిలిఫ్ వారెంటు గారికి ఒక లేఖ

కోర్టు ఆజ్ఞతో ఇళ్ళు ఖాళీ చేయించే మహారాజశ్రీ బెయిలిఫ్ వారెంటు గారికి,

నిన్నమొన్నటి దాకా తూర్పు లండన్‌లోను, ప్రస్తుతం లండన్ బయటి ఎసెక్స్‌లోని ఒక గదిలోను కాపురముంటున్న తెలుగు ఇల్లాలు నమస్కరించి వ్రాయునది. ఇక్కడ నేను, మావారు, నాలుగేళ్ళ అమ్మాయి, ఆరు నెలల పిల్లవాడు క్షేమం. ఇల్లాలు అన్న మాటలో ఇల్లు ఉన్నది కాబట్టి ఆ హోదా నాకు ఇప్పుడు వర్తిస్తుందో లేదో హౌసింగ్ ఆఫీసరు గారు ఇంకా తేల్చలేదు. తేల్చేవరకు అలాగే సంతకం పెట్టుకుంటాను.

సెప్టెంబరు 30న తమరు మా ఇంటికి దయచేసినప్పుడు మర్యాదలు సరిగా జరపలేకపోయినందుకు ముందుగా మన్నించమని కోరుతున్నాను. కాఫీ ఇద్దామంటే గిన్నెలన్నీ అట్టపెట్టెల్లో ఉన్నాయి. ఎనిమిది నెలలపాటు మేము మీకోసం ఎదురుచూసినంతగా మా పుట్టింట్లో సంక్రాంతికి కొత్త అల్లుడి కోసం కూడా ఎవరూ ఎదురుచూడలేదు. మీరు వస్తే తప్ప మాకు నీడ దొరకదని ఇక్కడి స్థానిక పాలన సంస్థ అయిన కౌన్సిలువారు చెప్పారు. మీరు వచ్చేదే మాకున్న నీడను తీయడానికి కదా అని నేను అమాయకంగా అడిగాను. అవునని, అందుకేనని, ఆఫీసరమ్మ ఎంతో ఓపికగా సమాధానమిచ్చింది.

జరిగిన సంగతి మొదటినుంచి మనవి చేస్తాను. మా ఇంటి ఓనరు పరాయివాడు కాదు. ఉగాది పచ్చడి ఇచ్చిపుచ్చుకున్నవాళ్ళం. ఆయన నన్ను చెల్లెమ్మా అనేవారు, నేను అన్నయ్యా అనేదాన్ని. 2019లో ఆయన గృహరుణానికి ఐదేళ్ళపాటు మారని తక్కువ వడ్డీ కుదుర్చుకున్నారు, ఆ గడువు 2024 చివర తీరిపోయింది. ఈలోగా బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ మూల వడ్డీరేటు 2021 డిసెంబరు మొదట్లో ఉన్న 0.1 శాతం నుంచి 2023 ఆగస్టుకు 5.25 శాతానికి ఎక్కి, ఆ తరువాత కాస్త దిగినా, కొత్త వాయిదా మాత్రం ఆయన తట్టుకోగలిగేటట్టు లేదు. ఇల్లు అమ్మేద్దామనుకున్నారు. జనవరి 10న ఇల్లు ఖాళీ చేయమనే సెక్షన్ 21 నోటీసు చేతికిస్తూ, “చెల్లెమ్మా, కారణం చెప్పనక్కరలేదట గాని నేను చెబుతున్నాను,” అని కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. రెండు నెలలు గడువు. అప్పటికి నాకు ఐదో నెల. మావారి కాంట్రాక్టు ఉద్యోగం నవంబరులోనే ముగిసి, ఒక గోడౌనులో రాత్రి డ్యూటీలు చేస్తున్నారు. అద్దె మాత్రం ఒక్క నెల కూడా తప్పలేదు. వేరే ఇల్లు చూసుకుందామంటే, నెల అద్దెకు ముప్పై రెట్లు ఏడాది సంపాదన ఉండాలని ఏజెంట్లు లెక్క చూపించారు. లేదా ఇంగ్లండులో సొంత ఇల్లున్న మనిషి ఎవరైనా హామీ పడాలన్నారు. మాకు తెలిసిన అలాంటి మనిషి ఒక్కరే, మమ్మల్ని ఖాళీ చేయమన్న అన్నయ్య.

మీకు చట్టం నేను చెప్పడం హనుమంతుడి ముందు కుప్పిగంతులే. అయినా చెబుతాను. 1977లో మొదటిసారిగా నిలువనీడ లేని కుటుంబాల బాధ్యతను ఇక్కడి చట్టం కౌన్సిళ్ళ మీద పెట్టింది. 2018 ఏప్రిల్ 3న అమలులోకి వచ్చిన మరో చట్టం ఇంకొక అడుగు ముందుకు వేసి, ఇల్లు పోయాక కాదు, పోవడానికి 56 రోజుల ముందునుంచే కౌన్సిలు రంగంలోకి దిగాలని, చెల్లుబాటయ్యే సెక్షన్ 21 నోటీసు గడువు 56 రోజుల్లో ముగిసేటట్టుంటే ఆ కుటుంబానికి ముప్పు ఉన్నట్టే లెక్క అని స్పష్టంగా రాసింది. కడుపుతో ఉన్న స్త్రీ, చిన్నపిల్లలు గల కుటుంబం ప్రాధాన్యం గలవారు. ఆ లెక్కన నేను రెండు విధాలా ప్రాధాన్యం గలదాన్ని. నా జీవితంలో ఇంత ప్రాధాన్యం నాకు ఎప్పుడూ రాలేదు.

జనవరి 20న ఫోన్ చేశాను. యాభై నిమిషాలు సంగీతం వినిపించి, ఆ తరువాత ఒక అమ్మాయి పలికింది. పాపం, మంచి పిల్ల. పాస్‌పోర్టులు, జీతం చీటీలు, ఐదేళ్ళ చిరునామాలు, బ్యాంకు స్టేట్‌మెంట్లు అన్నీ తీసుకుని, మాకొక “పర్సనల్ హౌసింగ్ ప్లాన్” పంపింది. పేరు చూసి ఎంతో ఆశపడ్డాను. అందులో కౌన్సిలు చేయవలసిన పనులు మూడు వరుసలు, మేము చేయవలసినవి రెండు పేజీలు. మా పనుల్లో మొదటిది: ప్రైవేటు ఇల్లు వెతుక్కొనుట.

మరి గడువు తీరాక ఏం చేయాలని అడిగాను. అప్పుడు మొదటిసారి మీ పేరు విన్నాను. “అక్కడే ఉండండి. ఆయన కోర్టుకు వెళతారు. కోర్టు ఆర్డరు వస్తుంది. అప్పుడూ ఉండండి. బెయిలిఫ్ వారెంటు వచ్చాక ఆ తేదీ మాకు పంపండి. ముందే వెళ్ళిపోతే మీరు బుద్ధిపూర్వకంగా ఇల్లు పోగొట్టుకున్నవారవుతారు.” ఈ చివరి మాట ఆ పిల్ల సొంత కల్పన కాదు, చట్టంలోనే ఉన్నది. ఉండదగిన ఇంటిని చేజేతులా వదులుకున్నవారికి కౌన్సిలు ఆదుకోవలసిన బాధ్యత బాగా తగ్గిపోతుంది. అయితే కౌన్సిళ్ళు చదవవలసిన ప్రభుత్వ మార్గదర్శక గ్రంథం ఒకటి ఉన్నది. వారెంటు జారీ అయ్యేదాకా అద్దెవారు ఆ ఇంట్లోనే ఉండడం సమంజసమని అధికారులు భావించరాదని దానిలో రాసి ఉన్నది. ఆ పేరా అచ్చు తీసి పంపించాను. “అందినది” అని జవాబు వచ్చింది.

కాబట్టి మీకోసం కూర్చున్నాము. మార్చి 14న నోటీసు గడువు దాటింది. మేము కదలలేదు. ఏప్రిల్లో కోర్టు కాగితాలు వచ్చాయి. కదలలేదు. మేలో పిల్లవాడు పుట్టాడు. జూన్‌లో ఆర్డరు వచ్చింది. విచారణ కూడా లేకుండా కాగితాల మీదే తేలిపోయే పద్ధతి కావడం వల్ల మా మొహం ఏ న్యాయమూర్తీ చూడలేదు. పదునాలుగు రోజుల్లో ఇల్లు అప్పగించాలని, వాది ఖర్చులు మేమే భరించాలని అందులో ఉన్నది. అప్పుడూ కదలలేదు. కోర్టు చెప్పిన మాట వినకుండా కూర్చోవడమే సత్ప్రవర్తన అని నాకు బోధపరచిన మొదటి దేశం ఇదే.

ఈ ఎదురుచూపులో పోయినది రోజులు మాత్రమే కాదు, అన్నయ్య కూడా. ఆయనకు మార్చిలోనే కొనేవాళ్ళు దొరికారు. ఖాళీ ఇల్లు కావాలన్నారు. “ఎప్పుడు వెళతారమ్మా?” అని మొదట మర్యాదగా అడిగారు. కౌన్సిలువాళ్ళు ఉండమన్నారని చెబితే నమ్మలేదు. ప్రభుత్వం మనిషి కోర్టు ఆర్డరును పట్టించుకోవద్దని చెబుతాడా అని ఆయన వాదన. నేనైనా నమ్మేదాన్ని కాదు. మే నెలలో కొనేవాళ్ళు వెనక్కు తగ్గారు. ఆ తరువాత చెల్లెమ్మ అన్న పిలుపు పోయింది. ఆయన లాయరు నుంచి ఉత్తరాలు వచ్చేవి, “మేడమ్” అన్న సంబోధనతో. వీధిలో మా అమ్మాయి “మామయ్యా” అని పిలిస్తే తల తిప్పుకుని వెళ్ళిపోయారు. తప్పు ఆయనది కాదు, మాది కూడా కాదని ఇద్దరికీ తెలుసు. మీరు ఆలస్యం చేశారు, అంతే.

ఖమ్మం నుంచి అమ్మ ఫోన్ చేసినప్పుడల్లా, “సోమవారం ప్రజావాణికి వెళ్ళి కలెక్టరుకు అర్జీ పెట్టుకోరాదా?” అనేది. ఇక్కడ కలెక్టరు ఉండరని, పోర్టల్ ఉంటుందని చెప్పాను. “ఇందిరమ్మ ఇల్లు లాంటిది మీకు రాదా?” అంది. వస్తుందమ్మా, వరుసలో ఉన్నామని చెప్పాను. ఇంగ్లండులో ఆ వరుసలో 13 లక్షలకు పైగా కుటుంబాలు ఉన్నాయని మాత్రం చెప్పలేదు. 1980 నుంచి అద్దెదారులకే తగ్గింపు ధరకు సుమారు 20 లక్షల కౌన్సిల్ ఇళ్ళు అమ్మేసి, వాటి స్థానంలో సరిపడా కట్టని దేశంలో వరుస పెరగక తరుగుతుందా? ఖాళీ అయిన ఇళ్ళకు వారం వారం “బిడ్” వేయాలి. వేలంపాట అన్నారు గాని డబ్బు పాడనక్కరలేదు, కష్టాలు పాడాలి. ఎవరి కష్టం పెద్దదైతే ఇల్లు వారిది. పోయిన గురువారం మా స్థానం 347.

ఆ వరుసలో నిలబడడమైనా మా అదృష్టమేనని ఒప్పుకోవాలి. వర్క్ వీసా మీద వచ్చిన మన తెలుగు కుటుంబాలు అనేకం ఈ దేశానికి పన్నులు కడుతూనే ఉన్నా, వారి వీసా షరతుల్లో పబ్లిక్ ఫండ్స్ వర్తించవని ఉంటుంది. కౌన్సిల్ ఇల్లు, నీడ లేనివారికిచ్చే సహాయం, రెండూ ఆ మాట కిందికే వస్తాయి. మాకు 2022లో శాశ్వత నివాసం వచ్చింది. లేకుంటే మీరు వచ్చినా ఒకటే, రాకున్నా ఒకటే.

చివరికి తమరి శుభలేఖ పద్నాలుగు రోజులకు పైగా వ్యవధితో వచ్చింది. తేదీ, సమయం, స్థలం అన్నీ ఉన్నాయి. “బంధుమిత్ర సపరివార సమేతంగా” అన్న మాట ఒక్కటే తక్కువ. ఉదయం పదిన్నరకు మీ మనిషి వచ్చాడు. మర్యాదస్థుడు. ఉయ్యాల కిందికి మోసుకెళ్ళడంలో చేయి వేశాడు. తాళాలు మార్చే అతను పని ముగించేసరికి పదకొండు కాలేదు. నేను వెంటనే మీ కాగితం ఫొటో తీసి పోర్టల్లో పెట్టాను. సాయంత్రం పావుతక్కువ ఐదుకు ఫోన్ వచ్చింది. నాలుగు గంటల నలభై ఐదు నిమిషాలకు గాని కౌన్సిలుకు మా అవసరం కొత్తగా తెలిసిరాలేదు. జనవరి 20 నుంచి మేము చెబుతున్నది బహుశా వేరే కుటుంబం గురించి అనుకున్నారేమో.

పెద్ద రోడ్డు పక్కన ఒక హోటల్లో ఒక గది ఇచ్చారు. వంటిల్లు లేదు. రైస్ కుక్కరును మంచం కింద దాచుకుని, తిరగమోత పెట్టని పప్పుతో నలభై ఒక్క రోజులు గడిపాము. తిరగమోత పెడితే ఫైర్ అలారం మోగుతుంది, మోగితే కుక్కరు బయటపడుతుంది. నలభై ఒకటే ఎందుకని మీరు అడగవచ్చు. పిల్లలున్న కుటుంబాన్ని ఇటువంటి చోట ఆరు వారాలకు మించి ఉంచరాదని 2004 నుంచి నియమం ఉన్నది. ఆరు వారాలంటే నలభై రెండు రోజులు. కౌన్సిలుకు చట్టం తెలియదని అనుకున్నందుకు ఇక్కడే లెంపలేసుకుంటున్నాను. తెలుసు, ఒక్క రోజు కూడా తేడా లేకుండా తెలుసు.

అక్కడినుంచి ఈ ఎసెక్స్ గదికి పంపారు. ఒకప్పటి ఆఫీసు భవనాన్ని గదులుగా చీల్చారు. 2013 నుంచి ఇటువంటి మార్పులకు పూర్తి ప్లానింగ్ అనుమతి అక్కరలేకుండా చేశారు. వీలైనంతవరకు కుటుంబాన్ని సొంత ప్రాంతంలోనే ఉంచాలని సుప్రీంకోర్టు 2015లో ఒక తల్లి కేసులో చెప్పింది గాని, వీలు అన్నది ఎవరి చేతిలో ఉంటుందో మీకు తెలియనిది కాదు. అమ్మాయి నర్సరీ తూర్పు లండన్‌లోనే ఉన్నది. రెండు రైళ్ళు మారాలి. ఈ గదికి రోజుకింతని కౌన్సిలు కట్టేది నెలకు లెక్కవేస్తే, అన్నయ్యకు మేము కట్టిన అద్దె కన్నా ఎక్కువే. ఇంగ్లండులో కౌన్సిళ్ళు 2023–24లో తాత్కాలిక వసతికి దాదాపు 230 కోట్ల పౌండ్లు ఖర్చు పెట్టాయి. 2025 మార్చి చివరికి 1,31,000 పైచిలుకు కుటుంబాలు, వాటిలో దాదాపు 1,69,000 మంది పిల్లలు ఇటువంటి గదుల్లో ఉన్నారు. మా పిల్లవాడు అప్పటికి పుట్టనే లేదు, మేమూ ఇంకా పాత ఇంట్లోనే ఉన్నాము కాబట్టి ఆ లెక్కలో లేము.

జనవరిలో ఎవరైనా అన్నయ్యతో ఒక్కసారి మాట్లాడి, లేదా ఒక ఏజెంటుకు హామీ పడి, అడ్వాన్సు సర్ది ఉంటే ఈ ఉత్తరం రాసే భాగ్యం నాకు కలిగేది కాదు. ఆ పనులన్నీ 56 రోజుల చట్టం ప్రకారం చేయదగినవే. కాని అలా చేస్తే మీకు ఉద్యోగం ఏమున్నది? మీకు సహోదరుడైన సెక్షన్ 21ను రద్దు చేసే చట్టం 2025 అక్టోబరులో ఆమోదం పొందిందని, దాని అమలు తేదీ 2026 మే 1 అని విని మీరు బెంగపడుతున్నారేమో. పడవద్దు. ఇల్లు అమ్ముకోవడం ఇకపైనా చెల్లుబాటయ్యే కారణమే. నోటీసు రెండు నెలలకు బదులు నాలుగు నెలలు. ఆ తరువాత కోర్టు, ఆర్డరు, మీరు. ఎదురుచూసే కుటుంబానికి మరో రెండు నెలలు అదనం, అంతే.

అన్నట్టు, ఈ గదికి అద్దె ఒప్పందం లేదు. మా మీద నిర్ణయం వెలువడేదాకా రోజువారీగా ఉండనిస్తున్నారు. అందువల్ల పొమ్మంటే కోర్టు ఆర్డరు గాని, వారెంటు గాని అవసరం ఉండదట. ఈసారి మీకు ప్రయాణ శ్రమ లేదు.

ఇట్లు,
విధేయురాలు,
ఇల్లాలు (నిర్ణయం పెండింగులో ఉన్నది)

తా.క.: మా కేసు చూసే ఆఫీసరు మారారు. సెప్టెంబరు 30 నాటి మీ కాగితం ఫైలులో కనబడడం లేదని కొత్త ఆయన అంటున్నారు. అది లేకుంటే ఇల్లు మేమే వదిలి వచ్చామని రాసుకోవలసి ఉంటుందట. దయచేసి ఇంకొక ప్రతి పంపగలరు. పాత చిరునామాకు మాత్రం పంపవద్దు, తాళాలు మార్చేశారు.