రెండు లక్షల లెన్స్ లేకపోతే పులికాట్‌లో ఫొటో రాదా?

చలికాలం మొదలై, పులికాట్ సరస్సుకి ఫ్లెమింగోలు వచ్చేసరికి నెల్లూరు వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ చక్కర్లు కొడుతుంది. "ఫ్లెమింగో సీజన్ వచ్చేసింది, ప్రొఫెషనల్ ఫొటోలు కావాలంటే ఇవి పాటించండి" అని మొదలై ఐదు సలహాలిస్తుంది. దూరపు పక్షిని దగ్గరగా చూపే 600 ఎంఎం పెద్ద లెన్స్ లేకపోతే వెళ్లడం దండగ. ఎండ బాగా కాసే పదకొండు, రెండు గంటల మధ్యే తీయాలి. ఐఎస్ఓ (కెమెరా వెలుగుకి స్పందించే స్థాయి) 100 దాటకూడదు. ట్రైపాడ్ లేకుండా పక్షి షార్ప్‌గా రాదు. ఇక చివరిది: పక్షులు కదలకుండా కూర్చుంటే చప్పట్లు కొట్టో, రాయి విసిరో లేపండి, ఫ్లయింగ్ షాట్ అదిరిపోతుంది.

ఇది చదివి మామూలు కెమెరా ఉన్న పిల్లలు ఆశ వదులుకుంటున్నారు. కొందరు అప్పుచేసైనా లెన్స్ కొనాలని చూస్తున్నారు. చివరి సలహా పాటించేవాళ్ల వల్ల పక్షుల ప్రాణాల మీదికే వస్తోంది. అందుకే ఈ మెసేజ్‌ని ఊరికే వదిలేయలేను.

పెద్ద లెన్స్ మంచిదే, కాదనను. అది లేకపోతే దండగ అనడమే తప్పు. మన చేతుల్లో ఎక్కువగా ఉండేవి క్రాప్ సెన్సర్ కెమెరాలు, అంటే లోపల ఫొటో పడే చిప్ చిన్నగా ఉండేవి. వాటి మీద 300 ఎంఎం లెన్స్ పెడితే ఫుల్ ఫ్రేమ్ (పెద్ద చిప్ కెమెరా) మీద 450 పెట్టినంత దగ్గరగా కనిపిస్తుంది, కెనాన్‌లో అయితే 480. కిట్‌తో వచ్చే చవక జూమ్‌కి ఇది తక్కువేం కాదు. పైగా దూరం సగానికి తగ్గితే పక్షి ఫ్రేములో రెట్టింపు పొడవు కనిపిస్తుంది. అంటే దగ్గరికి చేరడం తెలిసినవాడికి లెన్స్ సగం భారం తగ్గినట్టే.

దగ్గరికి చేరడమంటే నడుచుకుంటూ మీదికి పోవడం కాదు. సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోటకి వెళ్లే రోడ్డు సరస్సు మధ్య నుంచే పోతుంది. అక్కడి పక్షులకి పొద్దస్తమానం తిరిగే బస్సులు, కార్లు అలవాటే. వాటికి భయం మనిషి ఆకారమంటేనే. బండిని రోడ్డు దించి, ట్రాఫిక్‌కి అడ్డం లేకుండా ఆపి, ఇంజన్ కట్టేసి లోపలే కూర్చోండి. తలుపు తీయొద్దు. అదే తలుపు తీసి కాలు కింద పెట్టారంటే అప్పటిదాకా బురదలో తల దించుకుని మేస్తున్న ఫ్లెమింగోలన్నీ మెడలు పైకెత్తుతాయి. అలా మెడలెత్తాయంటే మీరు వాటిని ఇబ్బంది పెట్టారని అర్థం. ఇంకో అడుగు వేస్తే లేచిపోతాయి. కదలకుండా ఉంటే కాసేపటికి మళ్లీ తల దించి, మేసుకుంటూ వాటంతటవే ఇటు వచ్చినా వస్తాయి.

అసలు ప్రకృతి ఫొటో అంటే పక్షి ముఖం ఒక్కటే కాదు. పులికాట్ మన దేశంలో చిలికా తర్వాత అతి పెద్ద ఉప్పునీటి సరస్సు. ఆ విశాలమంతా కనిపించేలా, దూరంగా గులాబీ గీతలాగా గుంపుని పెట్టి తీసే ఫొటోకి మామూలు లెన్స్ చాలు. మైపాడు బీచ్ ఇసుకలో ఎండ్రకాయలకైతే ఫోనే ఎక్కువ. బొరియకి కాస్త ఎడంగా బోర్లా పడుకుని, ఫోన్‌ని తలకిందులు చేసి లెన్స్ ఇసుకకి ఆనేలా పెట్టి కదలకుండా ఉండండి. మీ నీడ మాత్రం బొరియ మీద పడనీయొద్దు. ముందు కాడల్లాంటి కళ్లు పైకి వస్తాయి, తర్వాత ఎండ్రకాయ వస్తుంది. దాని కళ్ల ఎత్తులో తీసిన ఫొటోకి, నిలబడి కిందికి వంగి తీసినదానికి పోలికే ఉండదు. పక్షికైనా అంతే.

మధ్యాహ్నం ఎండ మాట చూద్దాం. నడినెత్తి మీద సూర్యుడుంటే పక్షి వీపు తెల్లగా మాడిపోతుంది, పొట్ట నల్లగా పోతుంది, కన్ను కనపడదు. పులికాట్‌లో దీనికి తోడు వేడిగాలి. నీళ్లు తగ్గిన చోట బురద వేడెక్కి, తారురోడ్డు మీద ఎండమావి కనిపించినట్టే ఇక్కడా గాలి అలలు అలలుగా కదులుతుంది. లెన్స్‌లోంచి చూస్తే ఫ్లెమింగో కాళ్లు వంకర్లు తిరుగుతూ కనిపిస్తాయి. ఫోకస్ సరిగ్గా ఉన్నా ఈకల్లో ఒక్క గీతా రాదు. చాలామంది లెన్స్ పాడైందనుకుని సర్వీసుకి పంపుతారు. లెన్స్ ఎంత పెద్దదైతే అంత దూరపు పక్షిని తీస్తాం, మధ్యలో అంత ఎక్కువ వేడిగాలి ఉంటుంది. రెండు లక్షలు పోసి కొన్న లెన్స్‌కైనా దీనికి మందు లేదు, పెందలాడే వెళ్లడమొకటే.

వెళ్లాక ఎటు తిరగాలన్నది ఆ మెసేజ్ రాసినవాళ్లు చెప్పనే లేదు. ఆ రోడ్డు దాదాపు పడమర నుంచి తూర్పుకి పోతుంది. చలికాలంలో మన దగ్గర సూర్యుడు పొద్దంతా దక్షిణం వైపే ఉంటాడు. కాబట్టి రోడ్డుకి ఉత్తరం వైపున్న పక్షుల్ని తీస్తే వెలుగు మీ వీపు వైపు నుంచో పక్క నుంచో వాటి మీద పడుతుంది, గులాబీ రంగు చక్కగా వస్తుంది. దక్షిణం వైపు తీస్తే ఎదురు వెలుగు. నల్లటి ఆకారాలు, మెరిసే నీళ్లు కావాలనుకుంటే అటు తిరగండి. ఇక ఈశాన్య రుతుపవనాల మబ్బు పట్టిన రోజుల్లో ఈ లెక్కలేవీ అక్కర్లేదు. మెత్తటి వెలుగు అన్ని వైపులా సమానంగా ఉంటుంది, మధ్యాహ్నమైనా తీసుకోవచ్చు.

ఐఎస్ఓ 100 సలహా చేసే నష్టం ఫొటో పాడయ్యాక గానీ తెలియదు. పొద్దు పొడిచిన కాసేపటికి, లెన్స్ తెరుచుకునే కొలత ఎఫ్ 6.3 దగ్గర, ఐఎస్ఓ 100 పెడితే షట్టర్ స్పీడ్ 1/100 (సెకనులో వందో వంతు) దగ్గర ఆగిపోతుంది. ఎగిరే పక్షికి అది ఎటూ చాలదు, రెక్కలన్నీ అలికేసినట్టు వస్తాయి. అదే వెలుగులో ఐఎస్ఓ 1600 చేస్తే 1/1600 దొరుకుతుంది. గింజలు (ఫొటోలో చుక్కల్లాంటి గరుకు) కాస్త కనిపిస్తాయి, నిజమే. వాటిని తర్వాత సాఫ్ట్‌వేర్‌లో తగ్గించుకోవచ్చు. అలికిపోయిన పక్షిని మాత్రం బాగుచేయలేం. చీకటిగా తీసి ఇంట్లో వెలుగు పెంచుకుందామంటే గింజలు తగ్గవు, కొన్ని కెమెరాల్లో ఇంకా ఎక్కువవుతాయి. ఆటో ఐఎస్ఓ పెట్టి, గరిష్ఠం 3200 అని ఇచ్చి, షట్టర్ స్పీడ్ మీద మనసు పెట్టండి.

మన పక్షులకి ఐఎస్ఓ కన్నా ముఖ్యమైనది ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్, అంటే కెమెరా లెక్కకట్టిన వెలుగుని మనం పెంచడమో తగ్గించడమో. మనకి ఎక్కువగా దొరికేవి తెల్ల పక్షులే. కెమెరా తనకి కనిపించిన దృశ్యాన్నంతా మధ్యరకం బూడిద వెలుగుకి తేవాలని చూస్తుంది. ముదురాకుపచ్చ చెట్టు ముందు తెల్ల కొంగ ఉంటే చెట్టుని చూసి వెలుగు పెంచేస్తుంది, కొంగ సున్నం ముద్దయిపోతుంది. అక్కడ మైనస్ 0.7 నుంచి మైనస్ 1 దాకా తగ్గించాలి. తెల్లటి ఆకాశం ముందు అదే కొంగ ఎగురుతుంటే మసిబొమ్మలా వస్తుంది. అక్కడ ప్లస్ 1 కావాలి. పెన్నా బ్యారేజీ దిగువన చేపలకి కాచుకునే కొంగల దగ్గర ఇది సాధన చేసుకోండి, సూళ్లూరుపేట దాకా పోనక్కర్లేదు.

ట్రైపాడ్ గురించి ఎక్కువ చెప్పేదేమీ లేదు. 1/1600 దగ్గర చేతి వణుకు ఫొటోలో కనిపించదు. కారులో ట్రైపాడ్ ఎలాగూ పట్టదు. గట్టి గుడ్డసంచిలో వడ్లు పోసి, మూతి కుట్టేసి, దించిన కిటికీ అద్దం అంచు మీద వేసి దానిలో లెన్స్ కుదురుగా పెట్టండి. లెన్స్ ఆనించడానికి కొనే బీన్ బ్యాగ్ ఏం చేస్తుందో ఇదీ అదే చేస్తుంది.

ఇక చప్పట్లు, రాళ్ల సంగతి. దీన్ని తప్పు సలహా అంటే సరిపోదు, ఇది నేరం. సూళ్లూరుపేట దగ్గరి నేలపట్టు 1976 నుంచి పక్షుల అభయారణ్యం. 2022లో జిల్లాలు విడదీశాక తిరుపతి జిల్లా కిందికి వెళ్లింది గానీ, నెల్లూరు వాళ్లం ఇప్పటికీ మనదనే అనుకుంటాం. చెరువులో నీళ్లలో నిలబడ్డ కడప అనే చెట్ల మీద గూడబాతులు (పెలికాన్లు), నత్తగుల్ల కొంగలు, నైట్ హెరాన్లు (ఒక రకం కొంగలు), నీటికాకులు పక్కపక్కనే గూళ్లు పెడతాయి. అప్పుడే పుట్టిన గూడబాతు పిల్లకి ఒంటి మీద ఈక ఉండదు. తల్లి రెక్కల నీడ తీసేస్తే ఎండకి తట్టుకోలేదు. ఒడ్డున ఎవరో అరిచినప్పుడు ఒక నైట్ హెరాన్ గూడు వదిలి లేవడం, ఆ వెంటనే పై కొమ్మ మీది కాకి దిగి గుడ్డు పొడవడం నేను చూశాను. అరిచినవాళ్లకి ఆ సంగతి తెలియనే తెలియదు, వాళ్లు ఫొటో చూసుకుంటున్నారు. మేత మేసే ఫ్లెమింగోల్ని లేపినా నష్టమే. ఎగరడానికి అవి ఖర్చు చేసే శక్తి మేతతో కూడబెట్టుకున్నదే.

వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972 చదవండి. 'వేట' అనే మాటకి ఇచ్చిన నిర్వచనంలోనే జంతువుల్ని తరమడం, పక్షుల గుడ్లనీ గూళ్లనీ కదిలించడం ఉన్నాయి. తుపాకీ పట్టక్కర్లేదు. అభయారణ్యంలో ఫొటోలకి అటవీశాఖ అనుమతి ఉండాలి, అడగకుండా డ్రోన్ బయటికి తీయకూడదు. నేలపట్టు ఊరివాళ్లు ఏళ్ల తరబడి ఈ పక్షుల్ని కాపాడుకుంటూ వస్తున్నారు. వాటి రెట్ట కలిసిన చెరువు నీళ్లు పొలాలకి ఎరువని వాళ్లకి తెలుసు. బయటి నుంచి వెళ్లిన మనం రాయి తీస్తే వాళ్ల ముఖం ఎలా చూస్తాం?

అయినా ఫ్లయింగ్ షాట్ కోసం లేపాల్సిన పనే లేదు. పక్షులు సాధారణంగా గాలికి ఎదురుగా లేస్తాయి, ఎదురుగానే దిగుతాయి. చలికాలంలో ఇక్కడ గాలి ఎక్కువగా ఈశాన్యం నుంచి వస్తుంది. గాలి మీ వీపు వైపు నుంచి వచ్చే చోట ఉంటే పక్షి ముఖం మీ వైపే ఉంటుంది. ఫ్లెమింగోలైతే లేచే ముందు నీళ్ల మీద నాలుగడుగులు పరుగెత్తుతాయి, ఆ పరుగు మొదలవగానే నొక్కాలి. నేలపట్టులో ఇంకా తేలిక. గూడు కట్టే రోజుల్లో గూడబాతులు ముక్కున పుల్లలు పట్టుకుని, పిల్లలు పుట్టాక కడుపులో చేపలు నింపుకుని, పొద్దుటి నుంచి వస్తూ పోతూనే ఉంటాయి. వాచ్ టవర్ మీద నిలబడి ఒక్క గూడుని ఎంచుకోండి. ఆ పక్షి ఎటు నుంచి వస్తోందో, ఎక్కడ రెక్కలు బిగపడుతోందో కాసేపు కెమెరా దించి చూడండి. దారి దాదాపు మారదు. కదిలే పక్షిని వెంటాడేలా ఫోకస్‌ని కెనాన్‌లో సర్వో (ఏఐ సర్వో), నికాన్‌లో ఏఎఫ్-సి పెట్టి, షట్టర్ 1/1600 చేసి, దూరంలో ఉండగానే పక్షిని ఫ్రేములోకి తీసుకుని దానితోపాటే తిప్పుతూ రండి. గూటి దగ్గర కాళ్లు ముందుకు చాపగానే బర్స్ట్ (వరసగా ఫొటోలు తీసే మోడ్) నొక్కండి.