టీబీ రోగికి ఎన్ని తిరుగుళ్లు తప్పించాం?

పొద్దున లేవగానే నోరు పుక్కిలించి, గట్టిగా ఊపిరి పీల్చి, గుండెల్లోంచి దగ్గి, వచ్చిన కళ్లెను చిన్న ప్లాస్టిక్ డబ్బాలో పట్టి మూత బిగించాలి. ఉమ్మి పనికిరాదు, కళ్లె మాత్రమే కావాలి. ఆ డబ్బా ఆస్పత్రికి పట్టుకెళ్తే ఒక రోజు పని పోతుంది. రిజల్ట్ కోసం ఇంకో రోజు, మందుల కోసం మరో రోజు. రోజు కూలి మీద బతికే మనిషి మూడోసారి రాకపోతే తప్పుపట్టలేం. మందులతో నయమయ్యే ఈ జబ్బుతో 2023లో ప్రపంచంలో 12.5 లక్షల మంది చనిపోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. అందుకే టీబీ మీద కొత్త పరికరం ఏది వచ్చినా నేను ముందు అడిగేది ఒక్కటే: దీనివల్ల రోగికి ఎన్ని తిరుగుళ్లు తప్పాయి?

జీన్ఎక్స్‌పర్ట్ అనే మిషన్ సంగతే చూడండి, కళ్లెలో టీబీ క్రిమి జన్యువును వెతికి పట్టేది. 2010లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దీన్ని సిఫార్సు చేసినప్పుడు చాలా ఆశలు పుట్టాయి. అప్పటిదాకా పేద దేశాల్లో టీబీ పరీక్షంటే ప్రధానంగా మైక్రోస్కోపే, దానికి చాలా కేసులు చిక్కేవి కావు. ఈ మిషన్ రెండు గంటల్లోపు టీబీ ఉందో లేదో చెప్తుంది, టీబీకి వాడే ముఖ్యమైన మందు రిఫాంపిసిన్ పనిచేస్తుందో లేదో కూడా చెప్తుంది. కానీ దానికి కరెంటు పోకూడదు, గది వేడెక్కకూడదు, దుమ్ము పడకూడదు. దాంతో చాలాచోట్ల అది పెద్దాస్పత్రుల్లోనే ఉండిపోయింది. పరీక్ష రెండు గంటలకు తగ్గినా రోగి నడక తగ్గలేదు.

గోవాలోని మోల్‌బయో తయారుచేసిన ట్రూనాట్, అలాంటి పరీక్షే చేసే చిన్న మిషన్, ఆ లోటు కొంత తీర్చింది. బ్యాటరీ మీద నడుస్తుంది కాబట్టి చిన్న ఆరోగ్య కేంద్రంలోనూ పెట్టుకోవచ్చు. 2020లో దీనికీ ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫార్సు దక్కింది. చేత్తో మోసుకెళ్లే ఎక్స్‌రే మిషన్లూ వచ్చాయి. రేడియాలజిస్టు లేనిచోట పదిహేనేళ్లు దాటినవాళ్ల ఫిల్మును కంప్యూటర్ చదివినా స్క్రీనింగుకు సరిపోతుందని అదే సంస్థ 2021లో చెప్పింది. ఎక్స్‌రే ఒక్కటే చూసి టీబీ అని తేల్చలేం. ఎవరికి కళ్లె పరీక్ష అవసరమో అక్కడికక్కడే తెలుస్తుంది, అదే దాని ఉపయోగం.

పరీక్షే ఇంటి గుమ్మందాకా వెళ్తే ఏమవుతుందో వియత్నాంలోని కా మావ్ ప్రాంతం చూపించింది. అక్కడ మూడేళ్లపాటు ఏటా సిబ్బంది ఇల్లిల్లూ తిరిగారు. దగ్గుందా అని అడగకుండానే, కళ్లె ఇవ్వగలిగిన పెద్దవాళ్లందరికీ పరీక్ష చేశారు. టీబీ ఉన్నవాళ్లలో సుమారు సగం మందికి పైకి లక్షణాలే ఉండవు కాబట్టి అలా అడగకపోవడమే మంచిదైంది. నాలుగో ఏడు చూస్తే, ఇలా తిరగని ఊళ్లకంటే అక్కడ టీబీ 44 శాతం తక్కువ. పరీక్ష కొత్తదేం కాదు, ఆ జీన్ఎక్స్‌పర్టే. మనుషులు నడిచారు, అంతే.

చికిత్సలోనూ తిరుగుళ్లు తగ్గిన కథలున్నాయి. మందులకు లొంగని టీబీకి 2022లో సిఫార్సు చేసిన బీపాల్ఎం కోర్సు ఆరు నెలల్లో అయిపోతుంది. మునుపు ఏడాదిన్నర, ఒక్కోసారి అంతకు మించి పట్టేది. చెవుడు తెచ్చే ఇంజెక్షన్లూ ఉండేవి. దాంతో పోలిస్తే మాత్ర వేసుకున్నారా లేదా అని ఫోన్లతో, సెన్సార్ డబ్బాలతో కాపలా కాసే పద్ధతుల మీద నాకు పెద్ద నమ్మకం లేదు. వాటివల్ల రోగి మీద ఒక కన్ను పెరుగుతుందే గానీ, మాత్ర ఎందుకు మానేశాడో తెలియదు.

అసలు అతి పెద్ద మార్పు మద్రాసులో ఎప్పుడో వచ్చింది. 1956లో అక్కడ మొదలైన ప్రయోగంలో కొందరు రోగులను శానటోరియంలో, అంటే టీబీ ఆస్పత్రిలో, పెట్టారు, కొందరికి ఇరుకిళ్లలోనే మందులిచ్చారు. ఇంటి దగ్గర ఉన్నవాళ్లకూ దాదాపు అంతే బాగా నయమైంది, ఇంట్లోవాళ్లకు అదనంగా అంటుకోలేదు. పేద రోగులకు అంత మేలు చేసిన పరిశోధనలు తక్కువ. కానీ మందులుంటే చాలు, తిండి గురించి ప్రత్యేకంగా పట్టించుకోనక్కర్లేదన్న అభిప్రాయం కూడా దాన్నుంచే బలపడింది.

దాన్ని సరిదిద్దడానికి దశాబ్దాలు పట్టింది. జార్ఖండ్‌లో జరిగి 2023లో వెలువడిన రేషన్స్ అధ్యయనంలో టీబీ రోగులందరికీ నెలనెలా తిండి సరుకులిచ్చారు. వాళ్ల కుటుంబాల్లో కొన్నింటికి ఇంటిల్లిపాదికీ ఇచ్చారు. అలా అందిన ఇళ్లలో కొత్తగా టీబీ రావడం 39 శాతం తగ్గింది. ఇక రోగుల్లో, మొదటి రెండు నెలల్లో బరువు 5 శాతం పెరిగినవాళ్లకు చనిపోయే ముప్పు 61 శాతం తక్కువగా కనిపించింది.

బరువు తూచడానికి బ్యాటరీ కూడా అక్కర్లేదు. రెండో నెలలో రోగిని తూకం మీద నిలబెట్టి, ముల్లు కదలకపోతే ఆ వారమే ఎవరో ఒకరు ఆ ఇంటికెళ్లి పొయ్యి వెలుగుతోందో లేదో చూడాలి. అలా వెళ్లే మనిషి జీతం, ఆ ఇంటికి ఇవ్వాల్సిన తిండి గింజల ఖర్చు టీబీ బడ్జెట్లో మిషన్ల పక్కనే రాయాలి.